పూడ్చిపెట్టే మాట

నంబుకా, ఓవలావు దీవి
9 మే 2023

వసీతికి,

1981 ఆగస్టులో మీ నాన్న రేడియో ఫోనులో నాకొక మాట ఇచ్చాడు. "అన్నా, నువ్వొచ్చేదాకా అమ్మను పూడ్చను. మంచుగడ్డలు తెప్పించాను. నాలుగు రోజులైనా ఆగుతాం" అన్నాడు. నేనప్పుడు తూర్పున లోమలోమా బడిలో పంతులుని. అక్కడి నుంచి కదలాలంటే కొబ్బరి మోసే పడవ ఎప్పుడొస్తే అప్పుడే. ఆ పడవ పట్టుకుని, రాజధాని సువాలో దిగి, ఇంకో పడవెక్కి నాలుగో రోజు మధ్యాహ్నానికి ఊరు చేరాను. అప్పటికే సమాధి మీద చాపలు పరిచి ఉన్నాయి. రెండో రోజే పూడ్చేశారట. చర్చి మెట్ల మీద అందరి ముందూ మీ నాన్నను నిలబెట్టి అడిగాను. వాడు తల దించుకున్నాడు. "నువ్వు నాకు తమ్ముడివి కావు" అన్నాను. మరుసటి ఏడు వాడు మిమ్మల్ని తీసుకుని ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. అప్పుడు నీకు నాలుగేళ్లు.

నీ ఉత్తరం సోమవారం అందింది. అరపేజీ. అందులో ఏడు తప్పులున్నాయి, పంతులు కన్ను కదా, లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. తప్పులు పోనీ. ఈ మూడు వాక్యాలు మాత్రం నాలుగుసార్లు చదివాను: "పెదనాన్నా, మా ఇంటి తరఫున క్షమాపణ అడుగుతున్నాను. దీన్ని మా బులుబులు అనుకోండి. 20వ తేదీ శనివారానికి ఇది పూర్తి కావాలి."

బులుబులు అంటే పూడ్చిపెట్టడం అని మీ నాన్న చెప్పే ఉంటాడు. తప్పు చేసిన ఇంటివాళ్లు తంబువా పట్టుకుని వస్తారు. ఆ తిమింగలం పన్నును రెండు చేతులతో అందిస్తారు. అవతలివాళ్లు అందుకుంటే తప్పు మట్టిలో కలిసినట్టే, ఇక ఎవరూ దాని పేరెత్తకూడదు. ఆగకుండా అమ్మను పూడ్చినవాడు, ఇప్పుడు ఆ తప్పును పూడ్చడానికి వస్తున్నాడు. భాషకు కూడా వెటకారం తెలుసు.

తంబువా అందుకుంటానని నేను అనలేదు. ఎదురొచ్చి కూర్చోబెడతాను, అంతవరకే. ఊరి పెద్ద ఇనోకేకు చెప్పాను. "నిజంగా వస్తారా మాస్టారూ? మీ తమ్ముడు మాట మీద నిలబడే రకం కాదని మీరే కదా ముప్పై ఏళ్ల నుంచి మా చెవులు తింటున్నారు" అన్నాడు. "ఈసారి రాతలో ఉంది" అన్నాను. ఇనోకే ఆరో తరగతి రెండుసార్లు నా దగ్గరే తప్పాడు. అయినా ఊరి పెద్ద అయ్యాడు. ఊరు ఎలా ఉందో ఇంకేం చెప్పను.

మీ నాన్నకు మూత్రపిండాలు పాడయ్యాయని విన్నాను. వాడు రాలేకపోతే మీ మేనమామను పంపండి. శనివారం పొద్దున్నకల్లా చాపలు పరిచి ఉంటాయి.

నీ పెదనాన్న
ఎరోని


నంబుకా
21 మే 2023, ఆదివారం

వసీతికి,

నిన్న ఉదయం ఎనిమిదింటికి మా వంశపు పెద్దలు ఆరుగురు నా ఇంట్లో వరసగా కూర్చున్నారు. మీ పెద్దమ్మ లితియా మా పెళ్లికి అల్లిన చాప తీసి పరిచాను. ఆమె పోయి ఆరేళ్లయింది, ఈ ఆరేళ్లలో దాన్ని విప్పలేదు. పొయ్యి గుంటలో పంది ఉడుకుతోంది. ఆడవాళ్లు చేమదుంపలు ఒలిచారు. కావా వేరు దంచి గిన్నెలో పానీయం కలిపి, మీరొచ్చేదాకా మొదటి చిప్ప ముంచకుండా కూర్చున్నాం.

మొదటి పడవ వచ్చింది. మీరు లేరు. రెండో పడవకు వస్తారులే అన్నారు పెద్దలు. అందులోనూ లేరు. ముసలి సెరెమాయా కూర్చునే నిద్రపోయాడు. నాలుగింటికి ఇనోకే గొంతు సవరించుకుని, "మాస్టారూ, ఉత్తరంలో శనివారం అని ఉంది సరే, ఏ సంవత్సరమో రాశారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను అక్షరాలు దిద్దించినవాళ్లే. పందిని ఊళ్లో పిల్లలు తినేశారు. చాప నేనే చుట్టుకున్నాను.

ఈ పొద్దున పాస్టరు ఓర్పు గురించి ప్రసంగం చేశాడు. నా వైపు చూసే చేశాడు. ఆయన ప్రసంగంలో సగం నేను చదవమని ఇచ్చిన పుస్తకంలోదే, ఆ పుస్తకం నాకింకా తిరిగి రాలేదు.

మీ నాన్న నన్ను రెండోసారి ఖాళీ చేతులతో నిలబెట్టాడు. ఇక రాయొద్దు.

ఎరోని


బ్రిస్బేన్
31 మే 2023

పెదనాన్నకు నమస్కారాలు,

మీ రెండు ఉత్తరాలూ నాకు ఒక్క వారంలోనే వచ్చాయి. మొదటిది చదివేసరికే 20వ తేదీ దాటిపోయింది. రెండోది చదివి కారులోనే కూర్చుండిపోయాను, పనికి ఆలస్యమైంది.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిజం చెప్పేస్తాను. నా ఫోనులో ఒక యాప్ ఉంది. అది రోజూ ఒక సవాలు చూపిస్తుంది, అన్నీ మామూలు పనులే. వారం పాటు చక్కెర మానెయ్యి, లిఫ్ట్ ఎక్కకుండా మెట్లెక్కు, పక్కింటివాళ్ల పేరు తెలుసుకో. కింద 'ఒప్పుకుంటున్నా' అని మీట ఉంటుంది. అది నొక్కి, గడువులోగా పని చేసి, ఫొటో పెడితే డబ్బులిస్తారు. నేను ముసలివాళ్లను చూసుకునే ఇంట్లో పని చేస్తాను. నాన్నను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లాలని నా షిఫ్టులు తగ్గించుకున్నాను. పెట్రోలు ఖర్చు ఈ యాప్‌తోనే వెళ్తోంది.

ఏప్రిల్‌లో వచ్చిన సవాలు ఇది: 'మీ కుటుంబంలో ఒకరికి చేత్తో ఉత్తరం రాసి క్షమాపణ అడగండి.' ఇరవై ఐదు డాలర్లు. గడువు మే 20, ఆ తేదీనే మీకు రాసేశాను. నాకు మీరే గుర్తొచ్చారు. మీ పేరు వినపడగానే నాన్న టీవీ గొంతు పెంచుతారు, అంతకుమించి నాకేమీ తెలియదు. బులుబులు అనే మాట ఎప్పుడో చర్చి పిక్నిక్‌లో విన్నాను. క్షమాపణకు అది పెద్ద మాట అనుకుని వాడాను. దాని వెనక పంది, చాప, ఆరుగురు పెద్దలు ఉంటారని తెలియదు పెదనాన్నా.

నాన్నకు ఈ సంగతి తెలియదు, తప్పు నాదే. ఆ ఇరవై ఐదు డాలర్లు వచ్చాయి. మీకు పంపాలా అని ఆలోచించాను, అది ఇంకా అవమానమేమోనని ఆగాను.

మీ
వసీతి


నంబుకా
14 జూన్ 2023

వసీతికి,

ఆగి మంచి పని చేశావు.

జీవితమంతా పుస్తకాలు చదివాను. దేశాలు అమ్ముకున్నవాళ్ల గురించీ, దేవుణ్ణి అమ్ముకున్నవాళ్ల గురించీ చదివాను. క్షమాపణను ఇరవై ఐదు డాలర్లకు కొనే అంగడి గురించి మాత్రం ఎక్కడా చదవలేదు. ఆ ఫొటో ఎవరు చూస్తారు? నీ క్షమాపణ వాళ్లకెందుకు? నీ పక్కింటివాళ్ల పేరు తెలుసుకోవడానికి వేరేవాళ్లు నీకు కూలి ఇవ్వాలా? ఇంతకీ వాళ్ల పేరేమిటి?

ఇనోకేకు చెప్పక తప్పలేదు. వాడు నవ్వుతాడనుకున్నాను. వాడు ఫోను తీసి, "ఆ యాప్ పేరేంటి మాస్టారూ?" అన్నాడు. ఊరి పెద్ద.

నీ మీద కోపం చల్లారింది. తెలియని పిల్లవి. మీ నాన్న మీద చల్లారలేదు, ఎందుకంటే వాడు తెలిసే చేశాడు. వాడు క్షమాపణ అడగలేదని నీ ఉత్తరంతో రూఢి అయింది. నలభై రెండేళ్లలో వాడికి ఒక్కసారి కూడా అడగాలనిపించలేదు.

మీ పెద్దమ్మ ఉంటే ఈ మాట ఆమెతో అనేవాణ్ణి. రోజూ భోజనాలయ్యాక ఆమె కిటికీ దగ్గర కూర్చుని చాప అల్లేది. నేను మీ నాన్నను తిట్టేవాణ్ణి. మంచుగడ్డల దగ్గర మొదలుపెట్టి చర్చి మెట్ల దాకా, ఏ రోజూ ఒక్క మెట్టు వదలకుండా. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు, అడ్డం రాలేదు. తల వంచుకుని అల్లుతూ వినేది. అంత ఓపికగా విన్న మనిషి ఈ ఊళ్లో ఇంకొకరు లేరు. ఇప్పుడు గోడకు చెప్తున్నాను.

రాయొద్దన్నాను కదా. రాస్తే రాయి. తప్పులు తగ్గించు.

ఎరోని


బ్రిస్బేన్
28 జూన్ 2023

పెదనాన్నా,

పక్కింటావిడ పేరు గ్లెనిస్. వాళ్లాయనకు పావురాలున్నాయి. మీరు అడగకపోతే మళ్లీ మరిచిపోయేదాన్ని.

మంచి వార్త రాస్తున్నాను. పోయిన వారం సవాలు 'ఇంట్లో ఒక పాత అర సర్దండి.' నాన్న మంచం పక్కన అర సర్దాను. ఆయన డయాలసిస్ నుంచి వచ్చి నిద్రపోతున్నారు. అందులో పాత బైబిలు ఉంది, దానిలో మడిచిన కాగితం. మీ దీవిలోని లెవుకా పోస్టాఫీసు ముద్ర ఉంది. రేడియోలో నాన్న పేరున వచ్చిన కబురు గుమాస్తా రాసిచ్చిన కాగితం. చూడండి, ఇందులోనే పెడుతున్నాను:

'లోమలోమా నుంచి. 18 ఆగస్టు 1981. సాకియుసాకు. ఎరోని రావడం లేదు. ఆగకండి. కానివ్వండి. లితియా.'

నాన్న మాట తప్పలేదు పెదనాన్నా. మీరు రావడం లేదని కబురు వచ్చింది కాబట్టే పూడ్చారు. పెద్దమ్మ పంపింది, ఏదో పొరపాటు జరిగి ఉంటుంది. ఇన్నేళ్లూ నాన్న ఇది మీకెందుకు చూపించలేదో అర్థం కాలేదు. మొహమాటం అనుకుంటా. ఆయనకు చెప్పకుండానే పంపుతున్నాను. మీరిద్దరూ మాట్లాడుకుంటే అప్పుడు చెప్పి ఆశ్చర్యపరుస్తాను.

ఈసారి ఉత్తరం యాప్ కోసం కాదు.

మీ
వసీతి


నంబుకా
12 జులై 2023

వసీతికి,

ఇది గుమాస్తా చేతిరాత. కింద ఏ పేరైనా పెట్టించవచ్చు. లోమలోమాలో రేడియో గదికి తాళం కూడా ఉండేది కాదు, ఎవరైనా వెళ్లి ఏదైనా చెప్పవచ్చు.

మీ నాన్నను అడుగు. నీ మాటల్లో కాదు, వాడి మాటల్లో రాసి పంపు.

ఎరోని


బ్రిస్బేన్
24 జులై 2023

పెదనాన్నా,

మీ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. కాగితం మీకు పంపానని, యాప్ కోసం మీకు క్షమాపణ రాశానని అప్పుడే తెలిసింది ఆయనకు. టీవీ గొంతు పెంచారు. తర్వాత, "ఆ అర సర్దితే నీకెంతిచ్చారు?" అన్నారు. "పన్నెండు డాలర్లు నాన్నా" అన్నాను. "పన్నెండు డాలర్లకు మీ పెద్దమ్మ మాట అమ్మేశావు" అన్నారు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను పెట్టిన అన్నం తినలేదు. గ్లెనిస్ సూప్ తెస్తే తాగారు.

ఐదో రోజు పిలిచి, "కలం తీసుకో. నేను చెప్పినట్టే రాయి, నీ సొంత కవిత్వం కలపకు" అన్నారు. ఇది ఆయన చెప్పినది:

"అన్నా. రెండో రోజు పొద్దున కబురొచ్చింది. వదిన పేరు ఉంది కాబట్టి నమ్మాను. నువ్వు నాలుగో రోజున ప్రత్యక్షమయ్యేసరికి ఆ కబురు అబద్ధమని తెలిసింది. నువ్వు చర్చి మెట్ల మీద అడిగినప్పుడు జేబులోనే ఉంది కాగితం. తియ్యబోయాను. అప్పుడు అనుకున్నాను, అందరి ముందూ వదిన పేరు చదివితే ఆమె గతేంటి అని. క్రిస్మస్‌కు వదిన ఊరొచ్చింది. వంటింటి వెనకకు పిలిచి చెప్పింది. 'మా నాన్న ఆ సముద్రంలోనే పోయాడు మరిదీ. ఈయన్ను ఆ పడవ ఎక్కించలేకపోయాను. అంతా అయిపోయిందని మీ జవాబొస్తే ఆగిపోతాడనుకున్నా. జవాబు కంటే ముందు పడవొచ్చింది. ఆయనకు చెప్పకు, నన్ను వదిలేస్తాడు' అని ఏడ్చింది. సరే అన్నాను. అప్పటికే ఒక మాట తప్పినవాణ్ణి, రెండోది తప్పబుద్ధి కాలేదు. వదిన పోయాక చెబుదామనుకున్నా. పోయినవాళ్లు ఎలాగూ అడగరని మాట తప్పితే అదేం మర్యాద. నువ్వు చల్లగా ఉండు. పిల్లను తిట్టకు, నేను తిట్టాను, అది చాలు."

ఇంతే చెప్పారు పెదనాన్నా. మధ్యలో రెండుసార్లు ఆక్సిజన్ పెట్టాను.

డయాలసిస్ ఇక చాలంటున్నారు ఆయన. ఆపితే రెండు వారాలో మూడు వారాలో అని డాక్టరు అంది. మీరు వచ్చేదాకా ఆపొద్దని బతిమాలాను. "అన్నొస్తాడా?" అన్నారు. వస్తారని నేనే అనేశాను. మిమ్మల్ని అడగకుండా ఒప్పేసుకున్నాను. నాకది అలవాటైపోయినట్టుంది.

యాప్ తీసేశానని అబద్ధం చెప్పను. ఇంకా ఉంది. కాని ఇది అందులో లేదు. వస్తావా పెదనాన్నా?

వసీతి


నంబుకా
3 సెప్టెంబర్ 2023

వసీతికి,

క్షేమంగా చేరాను. పడవ దిగగానే ఇనోకే ఎదురొచ్చి నా సంచి మోశాడు. ఏమీ అడగలేదు. వాడికి ఆ మాత్రం బుద్ధి ఉందని డెబ్బై ఎనిమిదేళ్లకు తెలిసింది నాకు.

అక్కడ నీతో చెప్పలేకపోయినవి కొన్ని రాస్తాను.

ఈసారి క్షమాపణ అడగాల్సింది నేను. కాబట్టి తంబువా నేను తేవాలి. మా వంశంలో ఒకటి మిగిలి ఉంది, అడిగితే పెద్దలు ఇచ్చారు కూడా. సువాలో ఆఫీసుకు వెళితే, దాన్ని దేశం దాటించడానికి అనుమతి కావాలన్నారు, ఆరు వారాలన్నారు. నాకు వీసా మూడు వారాల్లో వచ్చింది. వందేళ్ల కిందట చచ్చిన తిమింగలం పన్నుకు నాకంటే ఎక్కువ విచారణ జరగాలట. ఆఫీసులో అమ్మాయితో వాదించాను. "తాతగారూ, రూలు నేను రాయలేదు" అంది. నా ఆవేశమంతా అయ్యాక మంచినీళ్లిచ్చింది.

కాబట్టి నీ ఉత్తరాన్ని అంతగా వెక్కిరించినవాణ్ణి, చివరికి నేను కూడా కాగితమే పట్టుకొచ్చాను. ఆ పోస్టాఫీసు కాగితం. మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆచారం ప్రకారం చప్పట్లు కొట్టి, తంబువా అందించినట్టే దాన్ని రెండు చేతులతో అందించాను. నువ్వప్పుడు నర్సును పిలవడానికి వెళ్లావు, మిగతాది చూడలేదు. వాడు కాగితం అందుకుని ముద్దు పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, "ఒప్పుకుంటున్నా" అన్నాడు. మళ్లీ ఒక కన్ను తెరిచి, "ఫొటో తియ్యమను అన్నా. ఇరవై ఐదు డాలర్లు" అన్నాడు. నేను నవ్వాను. వాడు నవ్వబోతే దగ్గు వచ్చింది. నువ్వు లోపలికి వచ్చి, "ఏం చేశారు ఆయన్ని?" అని నా మీద కేకలేశావు. అదీ జరిగింది.

ఆ తర్వాత ఐదు రోజులు బతికాడు. మంచుగడ్డల గురించి మాట్లాడుకోలేదు. పూడ్చినదాని పేరెత్తకూడదు. చిన్నప్పుడు పాస్టరుగారి కోడిని ఎవరు దొంగిలించారన్న సంగతి మాట్లాడుకున్నాం. "నువ్వే అన్నా" అని వాడు చివరిదాకా నా మీదికే తోశాడు.

అందరికంటే ముందు నా చేత మట్టి వేయించావు. మీ వాళ్లు యంత్రంతో పూడుస్తారని తెలియదు నాకు. ఆ కుర్రాణ్ణి ఆపమని చెప్పి నాకు పార ఇప్పించావు. చేతులు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. ఆ నొప్పి తగ్గకపోయినా ఫర్వాలేదు.

ఇంకో సంగతి. ఉత్తరం చివర మొదటిసారి నన్ను నువ్వు అన్నావు. అదే ఉంచు. తప్పులు నాలుగుకు తగ్గాయి.

గ్లెనిస్‌ను అడిగానని చెప్పు. ఆమె భర్తకు పనికొచ్చే పావురాల పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది, పంపుతాను. తిరిగి ఇమ్మని మరీ మరీ చెప్పు.

నీ పెదనాన్న
ఎరోని

తా.క. విమానాశ్రయంలో నువ్వడిగావు, "ఇప్పటికైనా కోపం పోయిందా పెదనాన్నా, ఎవరి మీదైనా ఉందా?" అని. లైను కదిలింది, నేను చెప్పకుండా వెళ్లిపోయాను. ఆలోచించుకుని ఇప్పుడు చెప్తున్నాను.

ఆ పద్దెనిమిదో తేదీ పొద్దున మీ పెద్దమ్మ ఇంట్లోకి వచ్చినప్పుడు పాదాలు తడిసి ఉన్నాయి. రేడియో గదికి దారి బీచి వెంబడే. ఎక్కడికెళ్లావని అడిగాను. చేపలేమైనా పడ్డాయేమో చూసి వచ్చానంది. ఇన్నేళ్ల తర్వాత ఆ తడి పాదాలు గుర్తొచ్చాయి.

కబురు పంపినందుకు కోపం లేదు. తండ్రిని మింగిన సముద్రానికి మొగుణ్ణి ఇవ్వలేకపోయింది, అది నాకర్థమవుతుంది. కాని తర్వాత ముప్పై ఆరేళ్లు, రోజూ భోజనాలయ్యాక, నేను తమ్ముణ్ణి తిడుతుంటే ఆమె కిటికీ దగ్గర కూర్చుని వింది. ఒక్క రోజు అల్లిక పక్కన పెట్టి ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అరిచేవాణ్ణి, వారం రోజులు అన్నం మానేసేవాణ్ణి, వదిలేవాణ్ణి మాత్రం కాదు. ఆ సంగతి ఆమెకు తెలియకపోవడం ఎలా? నేను దాన్ని ఓపిక అనుకున్నాను. నీకు కూడా అలాగే రాశాను.

పోయినవాళ్లు తంబువా తేలేరు. అందుకని ఇది పూడ్చడానికి దారి లేదు. శనివారం శనివారం ఆమె సమాధి మీద గడ్డి పీకుతూనే ఉన్నాను, వచ్చే శనివారం కూడా పీకుతాను. ఆమె అల్లిన చాప మీదే పడుకుంటున్నాను. అయినా అడిగావు కాబట్టి చెప్తున్నాను. నా కోపం ఇంకా ఒక్కరి మీదే ఉంది.

లితియా మీద.